జాకీ గారి అక్క

పెద్ద కప్పు పందెం రోజు మధ్యాహ్నం. రేసు మైదానంలో, జాకీలు బట్టలు మార్చుకునే హాలు పక్కన చిన్న గది. లోపల ఒక గుర్రం యజమాని భార్య, ఆ గుర్రం మీద స్వారీ చేయాల్సిన ఆమె తమ్ముడు.

“ముందు ఈ టోపీ ఎలా ఉందో చెప్పరా. ఆ తర్వాత నీ గోల వింటాను.”

“బాగుంది అక్కా.”

“తల దించుకుని బాగుందంటే ఎలా? ఇటు చూడు.”

“లైటు కళ్ళలో పొడుస్తోంది. ఆర్పేయవా?”

“ఆర్పితే టోపీ ఏం కనబడుతుంది, నా మొహం! సరే, ఆర్పాను. కిటికీ వెలుగు చాల్లే. ఈ టోపీ కోసం ఆ కుట్టేవాడి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నీకేం తెలుసు. ఈకలు ఎడమవైపుకే వంగాలి. ఫోటోలవాళ్ళు నిలబడేది అటే కదా. నువ్వు గెలిచి గుర్రం దిగగానే నేను వచ్చి నీ పక్కన నిలబడతాను. నువ్వు మాత్రం నాకు అడ్డం రాకు. అయినా పొట్టివాడివి, వచ్చినా ఫర్లేదులే.”

“అక్కా, నేను ఇవాళ ఎక్కలేను.”

“మొన్న పడవ పందేలప్పుడు ఏమైందో చెప్పానా? నా టోపీ గాలికి ఎగిరి నీళ్ళలో పడింది. పడవల్లో కుర్రాళ్ళు పందెం మానేసి దాని వెంట పడ్డారు. రేసు క్లబ్బు ప్రెసిడెంటు గారి భార్య ఒకటే నవ్వు. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడరా! నా భుజం మీద!”

“అక్కా. ఎక్కలేనంటున్నా.”

“విన్నాను.”

“వింటే ఏదో ఒకటి అను.”

“ఏమనమంటావు? పెద్ద కప్పు రోజున, జనం అంతా వచ్చి కూర్చున్నాక, వచ్చి ఎక్కలేనంటే నేనేమనాలి? శుభం అనాలా?”

“బావకి చెప్పు. గంట కొట్టేదాకా యజమాని జాకీని మార్చుకోవచ్చు. నన్ను దింపేయమని చెప్పు. చాలు.”

“నువ్వే చెప్పు.”

“నేను చెప్తే పిరికివాడంటాడు. మళ్ళీ లాయంలోకి అడుగు పెట్టనివ్వడు. నువ్వు చెప్తే ఆగుతాడు.”

“నేను చెప్తే ఆగే మనిషేనా మీ బావ? పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇంకా ఆయన చొక్కా రంగు కూడా నేను చెప్పింది కాదు. పైగా ఇప్పుడాయన మేడమీద, పెద్దవాళ్ళు కూర్చునే బాక్సులో ఉన్నారు. చుట్టూ ఎవరనుకున్నావ్? బ్యాంకు చైర్మను, పోలో జట్టు కెప్టెను, ఆ కెప్టెను పక్కన రోజుకొకరుగా మారే అమ్మాయి. వాళ్ళందరి మధ్యలోకి వెళ్ళి, ఏమండీ, మా తమ్ముడికి తలనొప్పిగా ఉందట అనమంటావా?”

“తలనొప్పి కాదక్కా.”

“మరేంటి?”

“పోయిన వారం పడ్డాను కదా. అప్పటినుంచి…”

“జాకీ అన్నాక పడతాడు. పడనివాడు జాకీ ఏంటి, గుమాస్తా అవుతాడు.”

“అప్పటినుంచి తలలో ఏదో కదులుతోంది. పొద్దున బూట్లు వేసుకుని, ఎందుకు వేసుకున్నానో తెలీక మంచం మీద కూర్చున్నాను. చాలాసేపు. నిన్నేం తిన్నానో గుర్తు రాదు. మలుపు దగ్గర కంచె రెండుగా కనబడుతోంది. ఏది అసలుదో తెలీదు. ఆ వేగంలో తెలీకపోతే…”

“డాక్టరు పాస్ చేశాడు కదరా! మొన్ననేగా చూశాడు? ఫిట్ అని రాసిచ్చాడు. డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా?”

“డాక్టరు ఎందుకు పాస్ చేశాడో నీకు తెలీదా?”

“మెల్లిగా. పక్కన జనం ఉన్నారు.”

“నీకు తెలీదా అక్కా?”

“మెల్లిగా అన్నానా?”

“సీజను మొదట్లో ప్రతి జాకీకి పరీక్ష పెడతాడు. ఒంటికాలి మీద నిలబడమంటాడు. కొన్ని మాటలు చెప్పి తిరిగి చెప్పమంటాడు. ఎవరైనా పడితే మళ్ళీ అదే పరీక్ష. మొదటిసారి కంటే తగ్గితే ఆపేస్తాడు. ఆ మొదటి పరీక్షలో కావాలని తూలమన్నదెవరు? కావాలని సగం మాటలు మర్చిపొమ్మన్నదెవరు?”

“అందరు జాకీలూ చేసేదే. నేనేం కొత్తగా కనిపెట్టానా?”

“బాగా చేయించావు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తూలి చూపించాను. ఇప్పుడు నిజంగా తూలుతుంటే డాక్టరు నవ్వి, నువ్వెప్పుడూ ఇంతేగా బాబూ అని వీపు తట్టాడు.”

“పోనీ వెళ్ళి ఆయనకే చెప్పు. అయ్యా, అప్పుడు దొంగాట ఆడాను అని చెప్పు. జన్మలో మళ్ళీ లైసెన్సు ఇవ్వరు.”

“తెలుసు. అందుకే నీ దగ్గరికి వచ్చాను.”

“ముందు నుయ్యి, వెనక గొయ్యి అయితే మధ్యలో అక్క. బాగుందిరా.”

“వేరే జాకీలు ఖాళీగా ఉన్నారు. బావ ఒక్కమాట అంటే…”

“మన గుర్రానికి గయ్యాళి అని ఊరికే పేరు పెట్టారా? ఎవరినైనా ఎక్కనిస్తుందా? నువ్వు తప్ప ఎవడెక్కినా గేటులోనే వెనక్కి తంతుంది. పోయిన ఏడాది ఆ నల్లకుర్రాడి మోకాలు ఏమైందో చూశావుగా. నువ్వు దిగావంటే గుర్రం కూడా పందెంలోంచి దిగినట్టే. గుర్రం దిగిందంటే బాక్సు ఖాళీ. బాక్సు ఖాళీ అయితే సాయంత్రం విందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు?”

“ఓహో. విందు.”

“ఏం, విందు అంటే వెటకారమా?”

“లేదు. చెప్పు. ఇవాళ విందు. రేపేంటి?”

“రేపు టెన్నిస్ ఫైనలు. ఎల్లుండి పూల ప్రదర్శనకి రిబ్బను కత్తిరించాలి, నన్ను పిలిచారు. ఆ తర్వాత మళ్ళీ పోలో. ఊపిరి పీల్చుకునే తీరిక లేదనుకో. ఒక గౌను విప్పేలోపు ఇంకోటి ఇస్త్రీ అయి వస్తుంది. నువ్వు నవ్వుకో. నాకిదంతా ఇష్టమేరా. దాచుకోవాల్సిన పనేముంది? పొద్దున్నే లేచి ఇవాళ ఎక్కడికి వెళ్ళాలో తలుచుకుంటే ఒళ్ళంతా తేలిపోతుంది. గుర్తుందా, ఇదే మైదానంలో కంచె బయట చెట్టెక్కి చూసేవాళ్ళం? లోపల టోపీలన్నీ తోటలో పూలలా కదిలేవి. ఇప్పుడు ఆ పూలల్లో నేనూ ఉన్నాను.”

“ఉన్నావు. నా నెత్తి మీద నిలబడి ఉన్నావు.”

“ఏమన్నావ్?”

“ఏం లేదు.”

“కాదు, అన్నావు. మళ్ళీ అను.”

“అనకుండా ఎలా ఉంటాను? అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే. కాదనను. కానీ పెరగనివ్వకుండా పెంచావు. వీడు పొట్టిగా ఉన్నాడు, తేలిగ్గా ఉన్నాడు, పనికొస్తాడని లాయం వాళ్ళు అన్న రోజునుంచీ అలమరకి తాళం. సగం గుడ్డు నాకు పెట్టి, మిగతా సగం నా కళ్ళముందే కుక్కకి వేసేదానివి. ఆశ చావాలని.”

“నేను తిన్నానా? చెప్పు, ఆ సగం నేను తిన్నానా? నువ్వు పస్తుంటే నేనూ పస్తున్నాను. ఏ పూటైనా నీ ఎదురుగా ముద్ద మింగానా?”

“అందుకే ఈ గౌన్లు నీకంత బాగా నప్పుతున్నాయి.”

“నోటికి హద్దు లేదురా నీకు.”

“గెలిస్తే బావ నన్ను ఇంటికి భోజనానికి పిలిచేవాడు. నువ్వు వడ్డించేదానివి. అలా కదా ఈ పెళ్ళయింది? నేను గెలిచిన పందేలకి బావకి కప్పులొచ్చాయి, నీకు బావ వచ్చాడు. నాకేమొచ్చింది?”

“నీకు పేరొచ్చింది. పిచ్చుక, పిచ్చుక అని స్టాండంతా లేచి అరుస్తుంది. నాకు ఆ మేడమీద పేరు కూడా లేదు తెలుసా? ఇన్నేళ్ళయినా, ఎవరా ఆవిడ అంటే, జాకీ గారి అక్క. అంతే. వెనకాల కాదు, నేను వినేలాగే అంటారు. ఇవాళ గయ్యాళి గెలిస్తే నన్ను క్లబ్బు కమిటీలో వేసుకుంటామన్నారు. కమిటీలో ఉన్నవాళ్ళని ఎవరూ ఎవరి అక్కా అనరు.”

“అదా సంగతి.”

“అదే సంగతి. విన్నావుగా. చిన్న కోరికే. నీకు వింతగా ఉండొచ్చు.”

“నేను పడితే?”

“పడవు.”

“పడితే అక్కా?”

“పడవన్నానా.”

“మలుపులో రెండు కంచెలు కనబడితే ఏం చెయ్యను?”

“గయ్యాళికి ఒకటే కనబడుతుంది. దాని కళ్ళు బాగానే ఉన్నాయిగా. కళ్ళెం వదిలేసి మెడ మీద పడుకో. అదే తీసుకెళ్తుంది.”

“బావ వచ్చాడా?”

“మేడమీద ఉన్నారని చెప్పాగా.”

“ఆఁ. చెప్పావు. బ్యాంకు చైర్మను.”

“ఇటు చూడు. నా మాట విను. ఇదొక్కటి. ఈ ఒక్క పందెం అయ్యాక నేనే నిన్ను వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. క్లబ్బుకి తెలీకుండా. దూరంగా ఎక్కడైనా చూపిద్దాం. నెల్లాళ్ళు పడుకుందువుగాని. నేనే వచ్చి దగ్గర కూర్చుంటాను.”

“టెన్నిస్ మానేసి?”

“మానేసి.”

“పూల ప్రదర్శన?”

“పూలు ఎక్కడికి పోతాయిరా? మానేస్తాను. ఒట్టు.”

“గుడ్డు పెడతావా? మొత్తం గుడ్డు?”

“పెడతానురా. రెండు పెడతాను. ఛీ, నన్ను ఏడిపించకు. కాటుక కారిపోతుంది.”

“నీ చేతులు చల్లగా ఉన్నాయక్కా. నా తల మీద పెట్టు. అక్కడ కాదు, వెనకాల. ఆఁ. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే పెట్టేదానివి.”

“ఇప్పుడెలా ఉంది?”

“నువ్వు చెయ్యి పెట్టినంతసేపూ బాగుంటుంది.”

“ఎక్కుతావా మరి?”

“చెయ్యి తియ్యకు.”

“ఒరేయ్. ఎక్కుతావా?”

“నువ్వు ఎక్కమంటే ఎక్కుతాను. ఎప్పుడు కాదన్నాను?”

“నా బంగారు తండ్రి. లే. గుండీలు సరిగ్గా పెట్టుకోలేదు చూడు, ఉండు, నేను పెడతాను. టోపీ ఏది? చేతిలోనే ఉందిగా! పద, పిలుస్తున్నారు.”

“అక్కా.”

“ఏంటి మళ్ళీ?”

“తప్పంతా నాదే. ఆఖరి నిమిషంలో వచ్చి చెప్పాను. నువ్వు మాత్రం ఏం చేస్తావు? నిన్ననే వచ్చి అడిగి ఉంటే సరిపోయేది. బావకి ఇంకో దారి వెతుక్కునే టైం ఉండేది. నిన్న అడిగి ఉంటే నువ్వు ఒప్పించేదానివి కదూ?”

“…ఒప్పించేదాన్నిరా.”

“నాకు తెలుసు. నా అక్క సంగతి నాకు తెలీదా? ఏదో కోపంలో అన్నాను. మనసులో పెట్టుకోకు.”

“అటు కాదురా! అది స్నానాల గది. గుర్రాలు ఇటు.”

“ఆఁ. ఇటు. టోపీ చాలా బాగుందక్కా.”

“జాగ్రత్త… ఏమండీ, మేడ దిగి వచ్చేశారా? రండి, లోపలికి రండి. తలుపు వెయ్యండి.”

“ఏమైంది? పైన అందరూ నీకోసం అడుగుతున్నారు. మీ తమ్ముడు ఎక్కుతున్నాడా లేదా?”

“ఎక్కుతున్నాడండీ. వెళ్ళాడు.”

“మళ్ళీ అదే పాటా?”

“అదే. నిన్న పోలో మైదానం బయట, కారులో మీ ముందు ఏడుస్తూ ఏమడిగాడో అదే. తల, కంచె, డాక్టరు, గుడ్డు. ఒక్క ముక్క కూడా మారలేదు. నిన్న నన్ను కలిసినట్టే గుర్తులేదు వాడికి.”

“నువ్వేమన్నావు?”

“నిన్నేమన్నానో అదే అన్నాను. టెన్నిస్ మానేస్తానని ఒట్టు కూడా వేశాను. కాకపోతే, నిన్న ఆ మాట అంటుంటే ఏడుపొచ్చిందండీ. ఇవాళ రాలేదు.”