ఇరవై ఒక్క రోజులు ఆగిన చెయ్యి

1952 జూలై 14న చిత్తూరు కార్యాలయంలో సూపర్‌వైజరుగా ఉద్యోగంలో ప్రవేశించిన శ్రీ ఏకాంబరం గారు, ముప్పై ఆరేళ్ల నిరంతర సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనుండటం మన నిర్మాణ శాఖకు గర్వాన్నీ వెలితినీ ఒకేసారి కలిగిస్తున్న సందర్భం.

పాకాలలో బడి గదులు, సూళ్లూరుపేటలో ఉద్యోగుల నివాసాలు కట్టించి, 1975లో ఆయన తిరుపతికి వచ్చారు. అప్పటికి మన శాఖ తొమ్మిది అంతస్తుల నివాస భవనానికి పూనుకుని ఉంది. రెండు మిద్దెల ఇంటినే తలెత్తి చూసే ఆనాటి ఊరికి అది ఆకాశహర్మ్యమే. మద్రాసు నుంచి వచ్చిన పటాలను మూడు రోజులు పరిశీలించి, వాటిని గీసిన ఇంజనీరును ఏకాంబరం గారు అడిగిన మొదటి ప్రశ్న: "రుబ్బురోలు యాడ పెడతారు సార్?"

ఎనిమిదో అంతస్తులో రుబ్బేదెవరని ఆ ఇంజనీరు నవ్వారు.

"దోసెలు తినేవాళ్లు యాడున్నా రుబ్బుతారు సార్."

రోలు బరువు ఆనేలా ప్రతి వంటింటి మూలా అదనపు ఇనుము పడింది.

1976 సెప్టెంబరులో ఐదో అంతస్తు పైకప్పు పోసిన సాయంత్రం, పలక మీద కాలు జారి ఏకాంబరం గారి కుడి ముంజేయి విరిగింది. పుత్తూరులో ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టిన పెద్దాయన, ఇరవై ఒక్క రోజులు విప్పొద్దన్నాడు. ఆ స్లాబును కింది నుంచి మోసే సరుగుడు కొయ్యలకూ ఏకాంబరం గారు పెట్టిన గడువు అంతే. చిక్కల్లా ఒక్కటే. పదహారో రోజున శాఖాపరమైన పరీక్ష. అది రాసి గట్టెక్కితేనే ఆ ఏటి పదోన్నతి జాబితాలో పేరుంటుంది.

పదిహేనో రోజు ఆయన పని దగ్గరికొచ్చి మేస్త్రి పెంచలయ్యను పిలిచారు.

"కత్తి ఇట్ల తే అప్పా. ఈ కట్టు కోసేయ్. రేపు పరీక్ష ఉండాది."

"అతుక్కున్యాదా సార్?"

"నొప్పి లేదులే."

మూడు రోజులుగా కొయ్యలు తీయనివ్వమని బతిమాలుతున్న కాంట్రాక్టరు వరదయ్య పక్కనే ఉన్నాడు. అతనికి ఆ కొయ్యలు పై అంతస్తుకు కావాలి. ఒక్కసారిగా అతని ముఖం విప్పారింది.

"కోయ్ పెంచలయ్యా, కోయ్! సార్ చెయ్యి ఇప్పినంక నేను కొయ్యలు ఇప్పిస్తా. రెండూ ఒగే దినం కట్టినవే గదా. స్లాబు గూడా నొప్పి అనలేదు, సూడు!"

కూలీలంతా గొల్లుమన్నారు. ఏకాంబరం గారు నవ్వలేదు. తన చేతి వంకా, తలమీది స్లాబు వంకా చూశారు.

"కత్తి ఆడ పెట్టెయ్ పెంచలయ్యా."

"మరి పరీక్ష?"

"ఆరు నెల్లకు మళ్లా వస్తాది."

పరీక్ష మళ్లీ వచ్చింది, ఆయన నెగ్గారు కూడా. కానీ ఆలోగా జాబితా వెలువడింది. ఆయన వెనక చేరిన ఇద్దరు పైకి వెళ్లారు. అందులో ఒకడు, ఆయన దగ్గరే పని నేర్చుకుని ఆయనకే పై అధికారిగా కూర్చున్నవాడు, ఈ నాలుగు మాటలు రాస్తున్నవాడే. ఏనాడూ ఆయన ఆ ప్రస్తావన తేలేదు. ఆయన సతీమణి దేవకమ్మ గారు మాత్రం ఇప్పటికీ అంటుంటారు: "కట్టు ఇప్పొద్దని పదిదినాలు నేను మొత్తుకుంటే ఇనలా. వరదయ్య ఒక్క మాటంటే ఇన్న్యాడు. ఆ వరదయ్య ఎప్పుడొచ్చినా రెండు దోసెలు ఎక్కువే ఏస్తా."

ఇరవై ఒకటో రోజు ఉదయం పుత్తూరులో కట్టు విప్పారు. మధ్యాహ్నం వరదయ్యే సుత్తి తెచ్చి అందించాడు. "మొదటి దెబ్బ మీరే ఎయ్యండి సార్. సెయ్యి పనిచేస్తాదో లేదో సూద్దాం." ఏకాంబరం గారు కుడిచేత్తోనే కొట్టారు. మొదటి కొయ్య కదిలింది. స్లాబు కదలలేదు.

ఇళ్ల కేటాయింపులో అందరూ కింది అంతస్తుల కోసం పోటీపడితే, ఆ స్లాబు కిందనే ఒక ఇల్లు ఆయన అడిగి సొంతానికి కొనుక్కున్నారు. ఇకపై ప్రతి ఉదయం పై ఇంటి రుబ్బురోలు చప్పుడు తమ తలమీద నింపాదిగా వింటూ, ఏ గడువూ తరమని తీరికతో, ఏకాంబరం దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు ఆ కప్పు కింద చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.