ఇన్‌స్పెక్టరు కోసం వేసిన మొలకలు

“నిజం చెప్పు ఖాలా. గింజలకేమన్నా కాళ్లొచ్చాయా?”

“నేను గది ఊడ్చాను అబ్లా. అంతే. ఆ కిటికీ వైపే పోలేదు.”

నైలు కాలవ పక్క పల్లె బడి అది. పిల్లల్ని ఇళ్లకు పంపేసి, బడిలో అందరూ ‘అబ్లా’, అంటే అక్కా, అని పిలిచే నాలుగో తరగతి సైన్సు టీచరు ఇంతిసార్ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఎదురుగా చీపురు పట్టుకుని, ఆమె ‘ఖాలా’, అంటే పిన్నీ, అని పిలిచే ఆయా నబవియ్యా. కిటికీ గట్టు మీది పళ్లెంలో పొద్దున మొలకలెత్తిన ఫూల్ అనే చిక్కుడు గింజలు నిండుగా ఉన్నాయి. ఇప్పుడు తడి దూది మాత్రం మిగిలింది.

“పోలేదా? మరి గది తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

“హెడ్‌మాస్టారి దగ్గరా ఒకటుందిగా.”

“ఆయనొచ్చి మొలకలు ఏరుకెళ్లాడా?”

“ఏమో తల్లీ. ఆయనకీ ఒక పొట్టుంది. బాగా పెద్దదే ఉంది.”

“ఖాలా!”

“పిల్లి తినుంటుంది.”

“పిల్లి ఫూల్ తింటుందా?”

“మన బడి పిల్లి సుద్దముక్కలే తింటుంది. దానికి ఎవరు పెట్టి ఏడ్చారు గనక?”

“వేళాకోళాలొద్దు. బల్లల కిందంతా వెతికి వచ్చాను.”

“గుప్పెడు గింజలకా? ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మెచ్చుకున్నాడు, టీ తాగి వెళ్లిపోయాడు. ఇంకా వాటితో ఏం పని?”

“పారేద్దామనుకున్నాను. నేనే, నా చేత్తో. ఆయన పొగుడుతుంటే హెడ్‌మాస్టారి గదిలో కూర్చుండిపోయాను. పోయినేడు ఏమన్నాడో గుర్తుందా? ‘టీచరమ్మా, మీ పాఠం కంపు కొడుతోంది’ అన్నాడు, పిల్లలందరి ముందూ. బజారు గింజలు ఒక్కటీ మొలవలేదు, కుళ్లిపోయాయి. తల కొట్టేసినట్టయింది నాకు.”

“మరి పారేసే వాటి కోసం ఇంత యాగీ ఏమిటి?”

“తీసింది నువ్వేగా?”

“దొంగతనం అంటగడుతున్నారా? ఇన్నేళ్లలో ఒక్క బలపం ముక్క...”

“దొంగవనలేదు. తీశావా లేదా? అల్లా మీద ఒట్టేసి చెప్పు.”

“ఒట్టెందుకు... తీశాను. తీస్తే ఏం? పాఠం అయిపోయింది, పిల్లలు బొమ్మలూ గీసుకున్నారు. మొలకొచ్చిన ఫూల్ చెత్తలో వేస్తే పాపం కాదూ? ఇంత వెల్లుల్లి, జీలకర్ర వేసి, నిమ్మకాయ పిండి చారు కాస్తే, మంచం పట్టిన మనిషి లేచి కూర్చుంటుంది.”

“కాచేశావా?”

“టీ పొయ్యి మీదే. మీరంతా ఇన్‌స్పెక్టరుతో లోపలున్నప్పుడు.”

“కడిగినప్పుడు నీళ్లు ఏ రంగొచ్చాయి?”

“గులాబీ రంగు. పిల్లలు రంగులద్దారనుకున్నా. పోయేదాకా రుద్ది రుద్ది కడిగానులెండి.”

“యా రబ్బీ! అది రంగు కాదు ఖాలా. పురుగు పట్టకుండా విత్తనాలకు పూసే మందు. విషం. మా తమ్ముడు విత్తనాల గోదాములో ఉన్నాడుగా, వాణ్ని బతిమాలి తెచ్చాను. తప్పకుండా మొలుస్తాయని.”

“విషాన్ని పిల్లల గదిలో పెట్టారా?”

“అరవకు! పిల్లల్ని ముట్టుకోనిచ్చానా? దూరం నుంచే చూసి గియ్యమన్నాను.”

“నాతో ఒక్క ముక్క అనొచ్చుగా, ముట్టుకోకే అని?”

“నీతో అంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.”

“అయ్యో, అయ్యో! అబ్లా, ఆ చారు...”

“నువ్వు తాగావా?”

“నేను తాగలేదు. పంపించేశాను, గిన్నె నిండా. ఈపాటికి...”

“ఇంటికేనా? మీ కోడలు బాలింత, ఆవిడకా?”

“కాదు, వినండి...”

“ముందు నువ్వు విను. కంగారుపడి వీధిలో పడకు. కాస్త కడుపునొప్పి వస్తుంది, పోతుంది. పాలు పట్టిస్తే సరి.”

“డాక్టరు దగ్గరికి తీసుకుపోవద్దా?”

“పోతే ఏం తిన్నారంటాడు. గింజలెక్కడివంటాడు. నా ఉద్యోగం పోతుంది, మా తమ్ముడిది పోతుంది, నీది మాత్రం ఉంటుందా?”

“మనిషి పోతేనో?”

“పోరు. అపశకునం మాటలు మాట్లాడకు. వాంతులైతే అప్పుడు చూద్దాం. ఎవరన్నా అడిగితే బజారు గింజలని చెప్పు.”

“ముసలి ప్రాణమబ్లా. తట్టుకుంటుందా? అసలే జ్వరం, మెతుకు ముట్టడం లేదు.”

“జ్వరమే కదా? మరింకేం. ఏదన్నా అయినా జ్వరం వల్లే అనుకుంటారు.”

“అంత మాట అనకండి. రేపు మీరే...”

“అంటాను. నాకూ బాధగానే ఉంది, నేనేం రాతి మనిషిని కాదు. కానీ ఎవరో ఒక ముసలామె కోసం ముగ్గురం రోడ్డున పడాలా? నోరు మెదపనని మాటివ్వు.”

“ఒక్కమాట చెప్పనివ్వండి తల్లీ...”

“ముందు మాటివ్వు!”

“ఇచ్చాను, ఎవరికీ చెప్పను. మీరు మాత్రం చెప్పులు కూడా చూసుకోకుండా పరుగెత్తండి. మీ అమ్మ ఏమీ తినడం లేదని పొద్దున కళ్లొత్తుకున్నారు కదా అని, ఆ గిన్నె మీ ఇంటికే పంపానబ్లా.”