సాలు తప్పని కలుపు

దర్శి దగ్గర ఒక ఊరు. కంటి ఆపరేషన్ చేయించుకుని, పదిహేను రోజుల తర్వాత యలమందయ్య ఆ ఉదయమే గుంటూరు నుంచి వచ్చాడు. పక్కింటి పానకాలు పలకరించడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అదంతా కలుపేనంటావా, పానకాలూ?"

"కలుపే పెదనాన్నా. వాన పడిందిగా, లేచింది."

"కారులోంచి చూశాను. నీ చేలో కలుపు సాలు తప్పకుండా లేచిందే."

"ఈ ఏడు కలుపు... కాస్త పద్ధతిగానే ఉందిలే."

"అచ్చం పత్తి మొక్కలా రెండాకులేసింది."

"ఆపరేషనైన కన్ను గదా. డాక్టరు జాగ్రత్తన్నాడంటగా."

"నీళ్ళు తగలనీయొద్దన్నాడు. చూసింది నమ్మొద్దనలేదు. జరిగింది చెప్పరా."

"ఏం జరుగుద్ది పెదనాన్నా."

"ఒరేయ్."

"...నువ్వు వెళ్ళిన మూడోనాడు వాన పడింది. విత్తడానికి నేల మంచి పదును మీదుంది. నువ్వు మొదటి గింజ పెట్టందే ఊళ్ళో ఎవరూ పెట్టకూడదు గదా. రెండు రోజులు అందరం గట్ల మీద నిలబడి చూశాం. పదును ఆరిపోతా ఉంది. ఫోన్ చేద్దామని హుస్సేన్ సాహెబ్ అన్నాడు. కట్టు కట్టుకున్న మనిషినెందుకు కంగారు పెట్టడమని నేనే ఆపాను. మనిషి లేకపోతే ఆయన చెప్పులుంచి పని కానీయొచ్చు, పూర్వం పెద్దోళ్ళే చేశారని దానయ్య అన్నాడు."

"నా చెప్పులా?"

"నీవి నువ్వేసుకెళ్ళావుగా. పెద్దమ్మ హవాయి చెప్పులు దొరికినయ్."

"హనుమాయమ్మ చెప్పులకి మొక్కి గింజలేశారా?"

"ఒకదానికే. రెండోది కుక్కెత్తుకుపోయింది."

"ఊరంతా వేశారా?"

"ఊరంతా. తర్వాత భయమేసింది. రేపు నీచేత మొదటి గింజ పెట్టించి చప్పట్లు కొడదామనుకున్నాం. అప్పటిదాకా ఎవరడిగినా కలుపనే చెప్పాలని మాట. మాకు కట్టుబాటు పోవడం ఇష్టంలేదు పెదనాన్నా. పదును పోవడమూ ఇష్టంలేదు."

"ఊఁ."

"తప్పే. తిట్టు. మూడు తరాలుగా మీ ఇంటికున్న గౌరవం."

"గౌరవమని ఎవరు చెప్పార్రా నీకు?"

"మా నాన్న."

"మీ నాన్న చెప్తాడు. మొదటి వాన నిలుస్తుందో ఎండుతుందో ఎవరికీ తెలిసేది కాదు. మీ తాతలంతా కలిసి, నీ చెయ్యి మంచిదయ్యా అంటూ మా తాతని ముందుకి తోశారు. మా చేలో మొలిస్తే మీరు వేసేవాళ్ళు. ఎండితే మా గింజలే పోయేవి. నాకే నాలుగుసార్లు పోయినయ్."

"మరి ఎన్నడూ నోరిప్పలేదేం?"

"ఏటా శాలువా కప్పుతుంటే ఏం చెప్పనురా?"

"అయితే రేపటి చప్పట్లు ఆపేయమంటావా?"

"ఎందుకాపడం? ఊరంతా మొలిచాక మొదటి గింజ నేను పెడతాను. మూడు తరాలకి ఇప్పుడు కుదిరింది కట్టుబాటు. ఇక దీన్ని ఎవడు మారుస్తానన్నా ఊరుకునేది లేదు."