వరుస చివరిదాకా పోయే నల్లగీతలు: శ్రీమతి ఆర్డిత్ క్విన్లన్ గారికి వీడ్కోలు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం అక్టోబరు రెండవ తేదీ, సోమవారం నాడు, ఫ్లోరిడా రాష్ట్రంలోని మా మాంచినీల్ కౌంటీ రికార్డుల కార్యాలయంలో శ్రీమతి ఆర్డిత్ క్విన్లన్ గారు గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. అదే రోజు, ఆమె కంటే ముందే వచ్చి తలుపు తీసేవరకు మెట్ల మీద నిలబడి, ఈ వ్యాసకర్త లోవెల్ ట్రాస్క్ కూడా అదే హోదాలో చేరాడన్న సంగతి ఈ వీడ్కోలు సంచిక సంపాదకులకు గుర్తుండటం వల్లనే ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం అతనికి దక్కింది. ఆలస్యంగా వచ్చిన ఆమెకు ఆనాడు సముద్రం కనిపించే కిటికీ పక్క బల్ల దొరికింది; వేళకు వచ్చిన అతనికి జిరాక్స్ యంత్రం పక్క బల్ల దొరికింది. నాటి నుంచి నేటి వరకు ఆ బల్లలు మారలేదు, అతని కడుపుమంట చల్లారలేదు. అభినందన వ్యాసంలో ఇటువంటి మాట ఉండవచ్చునా అని సంపాదకులు సంకోచించగా, క్విన్లన్ గారే కల్పించుకున్నారు.

"ఉండనీండి. అది లేకుండా లోవెల్ రాస్తే ఇంకెవరో రాసిపెట్టారనుకుంటారు జనం."

సహజంగా ఇటువంటి వ్యాసాలలో వినమ్రత, నిరాడంబరత, మితభాషిత్వం అనే సద్గుణాలను కీర్తించడం ఆనవాయితీ. క్విన్లన్ గారి విషయంలో ఆ మూడింటినీ వదిలేయక తప్పదు. ఆమె నవ్వితే కింది అంతస్తులో పెళ్లి లైసెన్సుల కోసం వరుసలో నిలుచున్న జంటలు ఉలిక్కిపడతాయి. గవ్వల చెవిపోగులు, నారింజరంగు జాకెట్టు, ఎప్పుడూ నీడలోనే ఉండే కారు; ఎండలో మాడే కారు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. ప్రశంస ఎదురైతే ఆమె సిగ్గుపడరు, రెండు చేతులా అందుకుంటారు. అయినా ఆమెను చూస్తే అందరి ముఖాలూ విప్పారుతాయి. ఏళ్ల తరబడి కళ్లలో నిప్పులు పోసుకుని పరిశీలించినా దానికి కారణమేమిటో ఈ వ్యాసకర్తకు అంతుపట్టలేదు.

తొంభై రెండవ సంవత్సరపు తుఫానులో మా నేలమాళిగ మునిగినప్పుడు, తడిసిన భూముల దస్తావేజులను హైస్కూలు వ్యాయామశాలకు తరలించి, బట్టల తాళ్లు కట్టి, ఒక్కొక్క కాగితాన్ని ఆరవేసి బతికించిన ఘనత ఆమెదని ఊరంతా చెప్పుకుంటారు. పత్రికలో వచ్చిన ఫొటోలో ఆమె తాడుకు క్లిప్పు పెడుతూ చిరునవ్వుతో ఉన్నారు. తాడు రెండో కొస పట్టుకున్న మనిషిది మోచేయి మాత్రమే పడింది. ఆ మోచేయి ఎవరిదో ఆ పత్రిక నేటికీ ప్రచురించలేదు.

తొంభైల చివరలో జరిగిన ఒక పొరపాటు ఆమె వృత్తిజీవితానికి గొప్ప మలుపయింది. మా ఆఫీసులో ఎవరైనా వచ్చి ఏ కాగితమైనా అడగవచ్చు. అడిగినవారి పేరు మేము అడగకూడదు, ఎందుకు కావాలో కూడా అడగకూడదు. అది మా రాష్ట్ర చట్టం. ఇచ్చే కాగితంలో మాత్రం చట్టం దాచమన్న పేర్ల మీద నల్లగీత గీసి ఇస్తాం. అప్పట్లో పేరు ఎంత పొడవో గీత అంత పొడవు గీసేవాళ్లం. దొంగ రొయ్యల వేట గురించి షెరీఫుకు ఉప్పందించిన ఒకాయన పేరు అలాగే చెరిపి ఇచ్చారు. గీత పెసరగింజంత ఉంది. రేవులో అంత పొట్టి పేరు ఒక్కడికే ఉంది. మర్నాటికి అతని పడవ నీటి అడుగున ఉంది.

అది విన్న క్విన్లన్ గారు నవ్వలేదు; ఆమె నవ్వని రోజు అదే మొదటిది. "పేరే కాదు, పేరు పొడుగు కూడా మనం చెప్పకూడదు," అని, ఇకపై ప్రతి గీతా పేరు దగ్గర మొదలై వరుస చివరిదాకా పోవాలని, దాని పక్కన ఏ సెక్షను కింద దాచామో రాయాలని పద్ధతి పెట్టారు. చుట్టుపక్కల కౌంటీలు కూడా దానిని అనుసరించాయి. నేడు దానిని 'క్విన్లన్ గీత' అంటున్నారు. అందుకు వాడిన ఉక్కు స్కేలు ఇంటి నుంచి తెచ్చింది ఈ వ్యాసకర్త. దానిని మాత్రం 'స్కేలు' అనే అంటున్నారు.

ఇక ఆమె కీర్తిశిఖరం స్టోవర్ కేసు. హార్లన్ స్టోవర్ అనే కుబేరుడు మా తీరం వెంబడి హోటళ్లు కట్టినవాడు. తన భవంతిలో పనికి పెట్టుకున్న బడిపిల్లల పట్ల చేసిన ఘోరాలకు ఆలస్యంగానైనా శిక్ష పడినవాడు. అప్పీళ్లన్నీ ముగిశాక, చట్టప్రకారం ఆ దర్యాప్తు కాగితాలు జనానికి ఇవ్వవలసి వచ్చింది. ఒక గదికి నిండుగా పెట్టెలు వచ్చాయి. వాటిలో ఆ పిల్లల వాంగ్మూలాలూ ఉన్నాయి, ఆ భవంతిలో విడిది చేసిన పెద్దమనుషుల పేర్లూ ఉన్నాయి. పిల్లల పేర్లు బయటపడకూడదు, పెద్దల పేర్లు దాగకూడదు. ఇది తారుమారైతే ఆ పిల్లలకు రెండోసారి అన్యాయం జరుగుతుందని మా అందరికీ తెలుసు.

అతిథుల పేర్లు రాసిన విడిది పుస్తకాలు ఆమె తీసుకున్నారు. వాంగ్మూలాలు ఈ వ్యాసకర్త వంతుకు వచ్చాయి. విడిది పుస్తకాలతోపాటు రాజధాని నుంచి బూడిదరంగు సూటు వేసుకున్న ఒక అధికారి కూడా వచ్చాడు. అతిథుల పేర్ల మీద తానే గీతలు గీసుకుని తెచ్చాడు.

"ఇవి ప్రభుత్వ రహస్యాలు, మేడమ్."

"మంచిది బాబూ. ఏ సెక్షను కిందనో గీత పక్కన రాసి పెట్టు. చోటు వదిలాను చూడు."

"కారణం కూడా రహస్యమేనండీ."

"కారణం లేని గీత మా ఆఫీసులో గీత కాదు, మరక. మరకలు ఉంచితే మా ఆఫీసరు చీవాట్లు పెడతాడు, తుడిచేస్తాం." ఆపైన కుర్చీ లాగి చూపించారు. "కూర్చో. కాఫీ తాగుతావా? తొందరేం లేదు."

అతడు కలం పట్టుకుని కూర్చున్నాడు. కొన్నింటికి నిజంగానే సెక్షను దొరికింది. అవి నేటికీ నల్లగానే ఉన్నాయి. మిగిలిన వాటి దగ్గర కలం ఆడిస్తూ, కిటికీలోంచి సముద్రం చూస్తూ, కాఫీ మీద కాఫీ తాగి, చివరికి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. కారణం రాయని పేర్లన్నీ వెలుగు చూశాయి. టీవీవాళ్లు మా మెట్ల మీద బారులు తీరారు. 'మరక' అన్న మాట దేశమంతా తిరిగింది. ఆ వారమంతా ఈ వ్యాసకర్త లోపలి గదిలో తలుపు వేసుకుని వాంగ్మూలాలు చదువుతూ గీతలు గీస్తున్నాడు. ఇంటికి వెళ్లి అన్నం తినబుద్ధి కాని ఆ పనికి ఏ టీవీవాడూ రాలేదు. ఆ రోజుల్లో అతడు ఆమెను చూసి ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. సంబంధించిన వ్యక్తి అనుమతితోనే చెబుతున్నది ఇది.

ఒక వాంగ్మూలంలో ఒక అమ్మాయి తన కుక్క గురించి చెప్పింది. ఆ భవంతి నుంచి ఇంటికి వచ్చిన సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేక, కుక్కను తీసుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్లి కూర్చున్నానని చెప్పింది. కుక్క పేరు విచిత్రమైనది. రోజూ ఒడ్డున నిలబడి ఆ పేరు పెట్టి పిలిచే పిల్ల ఎవరో ఆ వీధి మొత్తానికి తెలిసే ఉంటుంది. ఈ వ్యాసకర్తకూ కుక్క ఉంది, అతడూ సాయంత్రాలు కేకలు వేస్తాడు. అందుచేత స్కేలు తీసుకుని కుక్క పేరు మీద కూడా వరుస చివరిదాకా గీత గీశాడు.

కాగితాలు బయటికి వచ్చిన కొన్నాళ్లకు, మార్చి నెలలో, ఒక యువతి కౌంటరు దగ్గరికి వచ్చి ఆ వాంగ్మూలం అడిగింది. పేరు చెప్పలేదు, మేము అడగలేదు. అక్కడే నిలబడి చదువుకుంది.

"ఇక్కడ... కుక్క పేరు కూడా దాచారు. ఎవరు దాచారండీ?"

కౌంటరులో ఉన్నది క్విన్లన్ గారు. "మా ఆఫీసమ్మా," అన్నారు, నియమం ప్రకారం. ఆ అమ్మాయి ఆమె చేయి రెండు చేతులా పట్టుకుంది. మరుసటి ఏడు అదే మార్చి నెలలో కొబ్బరి కేకు చేసి తెచ్చింది. ఆపై ప్రతి ఏడూ తెచ్చింది. క్విన్లన్ గారు ఆ అమ్మాయి ఎదుటే ఒక పెద్ద ముక్క తిని, "అబ్బ, చేయి తిరిగిందే నీకు!" అని మెచ్చుకుని, మిగిలినది కారులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. ఆఫీసులో ఒక్కరికీ రుచి చూపించలేదు. జిరాక్స్ యంత్రం పక్క నుంచి అది చూసిన ప్రతిసారీ ఈ వ్యాసకర్తకు ఒళ్లు మండిపోయేది. కిటికీ పోయింది, ఫొటో పోయింది, గీత పేరు పోయింది, పోనీ. ఆ కేకు మాత్రం న్యాయంగా అతనిది. కానీ ఏమని అడుగుతాడు? "అది గీసింది నేను" అంటే, "నీకు జరిగినదంతా చదివింది నేను" అన్నట్టే. ఆ పిల్ల ముఖం చూస్తూ ఒక మగవాడు ఆ మాట అనలేడు. అందుకని ఏటా నోరు మూసుకుని, అసలు కాగితమే పెట్టకుండా జిరాక్సులు తీసేవాడు.

ఈ ఏడాది మార్చిలో కేకు వచ్చింది. ఇక తాను పదవీ విరమణ చేసి వెళ్లిపోతున్నానని క్విన్లన్ గారు చెప్పగానే ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"అయితే ఇదే ఆఖరి కేకన్నమాట."

"ఆఖరిదేంటి? ఇన్నేళ్లూ తప్పు మనిషికి పెడుతున్నావు తల్లీ. కుక్క పేరు దాచింది నేను కాదు." తలతో యంత్రం వైపు చూపించారు. "అదిగో, ఆ దాక్కున్న మహానుభావుడు. లోవెల్, ఆ మూత వేసి ఇటు రా."

అతడు మూత వేసి కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఆ అమ్మాయి చాలాసేపు అతన్నే చూసింది. వెనుదిరిగి వెళ్లిపోతుందనీ, మళ్లీ ఎన్నడూ ఆ తలుపు తీయదనీ, అందుకు కారణం తానేననీ అతడు అనుకున్నాడు.

"మీరా?"

"ఔనమ్మా."

"మొత్తం చదివారా?"

"చదవకుండా దాచలేం కదమ్మా."

ఆమె కేకు పెట్టెను క్విన్లన్ గారి ముందు నుంచి మెల్లగా జరిపి అతని ముందు పెట్టింది. తానే ముక్క కోసింది, గోడంత మందాన.

"తినండి. మీ కోసమే చేశానన్నమాట, ఇన్నాళ్లూ."

అతడు తిన్నాడు. ఈ సంచిక చదివే సహోద్యోగులారా, అంత ఘోరమైన కేకు ఈ భూమి మీద మరొకటి లేదు. పంచదార పడవలసిన చోట ఉప్పు పడిందో, వంటసోడా గుప్పెడు పడిందో తెలియదు. కొబ్బరి మాత్రం పీచులా గొంతుకు అడ్డం పడింది. ఆ అమ్మాయి కన్నార్పకుండా చూస్తోంది. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అవి దేనివల్లనో అతనికే తెలియదు.

"బాగుందా?"

"ఇంకో ముక్క పెట్టమ్మా," అన్నాడు.

కిటికీ వైపు తిరిగి నిలబడ్డ నారింజరంగు జాకెట్టు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆ అమ్మాయి అతనికీ చేయి ఊపి వెళ్లాక, అతడు నీళ్లు తాగి క్విన్లన్ గారి వైపు తిరిగాడు.

"ఇన్నేళ్లూ ఎలా మింగావు తల్లీ?"

"నవ్వుకుంటూ. మిగతాది పాతిపెట్టేదాన్ని. సీగల్ పక్షులు కూడా ముట్టలేదు."

"నా పేరు అప్పుడే చెప్పొచ్చుగా!"

"మొదటి ఏడు నువ్వు పక్కనుంచి నడిస్తే ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది, చూళ్లేదూ? పోయినేడు నీకు గుడ్ మార్నింగ్ చెప్పింది. ఈ ఏడు చెప్పాను." ఆమె చెవిపోగు సవరించుకున్నారు. "పైగా, నువ్వు నన్ను చూసి ఏడుస్తుంటే నాకు పొద్దు బాగా గడిచేది."

ఎవరికీ ఇవ్వకుండా తింటోందని తాను ఇన్నాళ్లూ కుళ్లుకున్నది ఆ కేకు గురించేనా అని అతడు ఆలోచించాడు. అసూయ తగ్గిందా అని మీరడిగితే, లేదు. అంతటి కేకును చిరునవ్వు చెదరకుండా, ఏటా, ఒక్క కన్నీటి చుక్కైనా కారకుండా తినగలగడం తనకు ఈ జన్మలో చేతకాదని తెలిసి అది రెట్టింపయింది. ఇకపై కిటికీ పక్క బల్ల అతనిదేనని ఆఫీసరు గారు ఉత్తర్వు ఇచ్చారు. అక్కడి నుంచి సముద్రం బాగానే కనిపిస్తుంది, కానీ చూసి ఏడవడానికి పక్కన మనిషి ఉండరు. కుక్క పేరు ఈ వ్యాసంలో కూడా లేదు. ఉన్నచోట వరుస చివరిదాకా గీత ఉంది.

మా ఆర్డిత్ క్విన్లన్ గారు భర్త మెరిట్ గారితో కలిసి ఆయురారోగ్యాలతో, చెక్కుచెదరని దంతాలతో, ఎంతటిదాన్నైనా అరిగించుకోగల జీర్ణశక్తితో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఏటా మార్చిలో ఆ కేకు వచ్చే ఉదయాన ఎంత ఆలస్యంగానైనా సరే మా కౌంటరు దగ్గరికి విచ్చేసి సగం భాగం స్వీకరించాలనీ ఈ వ్యాసకర్త చేతులెత్తి వేడుకుంటున్నాడు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.