రంగు జూసి మింగిన గోలీలు

సుజాతా, నేనెన్నడు ఏం రాయలేదు బిడ్డా. ఐదో తరగతి కాన్నే బడి బందయింది. మొన్న నువ్వు, "చిన్నమ్మా, కరోనల చిన్నాయన గోలీల ముచ్చట మల్లొకసారి చెప్పు" అంటివి. చెప్తె నవ్వి మరిచిపోతవని, నోటితోని చెప్పినట్లనే రాస్తున్న. తప్పులుంటె దిద్దుకో.

మీ చిన్నాయన సంగతి నీకెరికే. గద్వాలల చీరలు నేసెటోళ్లల్ల రంగు కుదిరిచ్చుడుల తనను మించినోడు లేడని నమ్మకం. ఆయన నమ్మకమే, వేరేటోళ్లది కాదు. గా రెండోసారి కరోన వచ్చినప్పుడు, అదే, పొద్దుగాల జరసేపు ఇడిసి మల్ల అంత బంద్ పెడుతుండ్రి సూడు, అప్పుడు ఆయనకు జరం వచ్చింది. నాలుకకు రుచి పోయింది. బువ్వ పెడితె మన్ను తిన్నట్లుందని పల్లెం జరుపుతుండె. అంతకు ముందు నా పప్పు బాగుందని ఎన్నడన్న అన్నడా అంటె, గదీ లేదు. ఈసారి కరోన మీద పెట్టిండు.

దవాఖానకు పోదమంటె, "గమ్మునుండు. వాడకట్టుకు తెలిస్తె మన గడప తొక్కరు. మగ్గం మీద చీర సేటు తీసుకోడు" అన్నడు.

ఇంట్ల గోలీలన్ని ఒక రేకు డబ్బల ఉంటుండె. అట్టలు డబ్బల పడతలేవని కత్తెరతోని ఒక్కొక్క గోలి కత్తిరిచ్చి ఏసిండు. ఇంక పేర్లెక్కడివి. దారం కండెలు ఏరినట్లు ఏరుతుండె. "జరమంటె ఒంట్ల ఏడి. ఏడికి తెల్లది. దగ్గుకు పచ్చది. ఎర్రది రక్తానికి."

"పేరు సూసి మింగు జర."

"పేరు సూసి చీరకు రంగు పెడతరా?"

నేనేమంట. నాది ఐదో తరగతి, ఆయనగారిది ఆరు.

మిరియాల కషాయం ఏరే. నిమ్మకాయ ఒక్కటి పది రూపాయలు జేసిండ్రు, మా చిన్నప్పుడు కుప్పలు పోసి ఇస్తుండ్రి. సరే, అది పోనీ.

ఒక దినం పగటేల ఏం తినకుంటనె తెల్లవి రెండు మింగి మగ్గం గుంతల దిగిండు. జరసేపటికి అంగి తడిసింది. "సూసినవా, చెమట పట్టింది. జరం ఇడుస్తుంది" అని నన్ను ఎక్కిరిచ్చిండు. నేను గూడ సంబురపడ్డ. ఇంతల చేతులు వణకవట్టినయి. అటు ఇటు దారం తోసె నాడె చేతిలకెల్లి జారి పడ్డది. తీస్తనని ఒంగినోడు మల్ల లేవలే. మాట ముద్ద ముద్దగ వస్తుంది.

మా అత్త మంచంల కూసోని ఉండె. ఆమెకు షుగరు. కొడుకును ఎగాదిగ సూసి, "గది జరం చెమట కాదే. గది నా చెమట. బువ్వ తినకుండ గోలి ఏసుకుంటె నాకు గట్లనే అయితది. నా గోలీలు మింగిండు ఈడు" అన్నది.

మనిషి దక్కుతడో లేదో అనుకుంట, చక్కెర నీళ్లు కొంచెం కొంచెం తాపిన. ప్రతి గుటకకు గొంతు దిక్కే సూసిన. మెల్లగ కన్ను నిలబడ్డది. తల్లి దిక్కు తిరిగి, "అమ్మా, నీ గోలీలు తెల్లగెందుకుంటయే?" అన్నడు.

"నిన్నడిగి రంగేయిస్తరా బిడ్డా" అన్నది అత్త.

నవ్వినం, బువ్వ తినిపిచ్చినం. జరం మాత్రం పోలే. ఒళ్లు కాలుతనే ఉంది, ఊపిరి తొందర తొందర తీస్తుండు. అప్పటికే బయట బంద్.

తెల్లారి బంద్ ఇడువంగనె ఆయన రెక్క పట్టుకొని లేపిన. ఎన్క సందుల నుంచి పోదమే అని గునిగిండు. ఇనలే. ఎదురు తలుపే తీసిన. వాడకట్టంత గడపల్ల నిలబడి సూస్తుంది. పెండ్లయి వచ్చినకాడికెళ్లి ఆ గల్లిల నేను గొంతెత్తి మాట్లాడింది లేదు. "మా ఆయనకు జరం ఉంది. దవాఖానకు తోల్కపోతున్న. జర దూరం జరగండ్రి" అని అందరికి ఇనపడెటట్లు చెప్పిన.

ఎదురింటామె లోపలికి పోయింది, తలుపేసుకుంటదనుకున్న. మొగుని భుజాన దుప్పటి కప్పి బయటికి తోల్కొచ్చింది. "మా ఇంట్ల గూడ ఉంది అక్కా. జర ఆగు, మేం గూడ వస్తం" అన్నది.

ఆగిన.