తులసికి పోయగా మిగిలిన నీళ్లు

అది జనవరి పద్దెనిమిది. అమెరికాలోని ట్రాయ్‌లో మంచు కురుస్తోంది. ఆయన ఒక్కడే కూర్చుని అప్పడం నంజుకుంటూ చారన్నం తింటున్నాడు. ఇంతలో ఎదురింటి అమ్మాయి, వినీత్ భార్య, చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఆమె అరచేతి నిండా ముళ్లు.

“కదలకమ్మా, పట్టకారుతో తీస్తాను. కాక్టస్ మీద పడ్డావా?”

“పడలేదంకుల్. వినీతే నా చెయ్యి పట్టుకుని దాని మీద అదిమాడు.”

“ఎందుకమ్మా?”

“అది కుళ్లిపోయిందని. పొద్దున్నే తులసికి పోయగా మిగిలిన చెంబు నీళ్లు దానికీ పోసేదాన్ని. పాపం, ఎండిపోతోందనుకున్నా.”

“చలికాలమంతా దానికి చుక్క నీళ్లు పోయకూడదు తల్లీ. మా ఆవిడా మొదటి ఏడాది నాలుగు కుళ్లబెట్టింది.”

“మీరేం చేశారు?”

“నవ్వుకున్నాం. మళ్లీ నాలుగు కొన్నాం.”

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

“ఇంతకుముందూ కొట్టాడా?”

“మొన్న గుడిలో మీరు స్కార్ఫ్ ఎందుకని అడిగారు. జలుబన్నాను. మెడ మీద అతని వేళ్ల గుర్తులున్నాయంకుల్.”

వీధి తలుపు మీద కాలితో తన్నిన చప్పుడు. గోడమీది ఆయన భార్య ఫొటో కిందపడి అద్దం పగిలింది.

“నేను వెళ్లిపోతా. మిమ్మల్నీ కొడతాడు.”

“కొట్టనీ. పోలీసులకి ఫోన్ చేయనా?”

“నా వీసా అతని మీదే ఉంది.”

“రేపు లాయర్‌ని అడుగుదాం. ఇప్పుడు నీ ప్రాణం సంగతి చెప్పు.”

తలుపు మీద మరో తన్ను పడింది. గడియ మేకులు ఊడాయి.

“చేయండంకుల్.”

పోలీసులు వినీత్‌ను తీసుకెళ్లాక ఆమె లోపలి గదిలో నిద్రపోయింది. కట్టు కట్టిన చేతికి తగలకుండా దుప్పటి సర్ది, ఆయన చప్పుడు కాకుండా ఆ గది తలుపు దగ్గరగా వేశాడు.