ఏం ఖలాస్?

గల్ఫులో, అల్ రాయ్‌లోని షెడ్డులో జీపు టాపు మీద సామాన్ల క్యారియర్‌కి వెల్డింగు పెడుతుండగా లోపల మంట లేచింది. సీట్లో కూర్చుని కిందనుంచి బోల్టులు పట్టుకున్న బుల్లిరాజుకి ఒళ్లంతా కాలింది. ఆసుపత్రిలో అతన్ని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లాక వెల్డరూ, ఎలక్ట్రీషియనూ బయట బెంచీ మీద కూలబడ్డారు.

"నువ్వు ఖలాస్ అంటేనే కదప్పా నేను రాడ్డు ఆనించింది."

"బ్యాటరీ వైర్లు పీకడం ఖలాస్ అన్నానన్నా. నా పని అయిపోయిందని చెప్పాను."

"నేనడిగింది టాపు కింద గుడ్డ గురించి. గుడ్డా స్పాంజీ పీకేసినారా అని."

"గుడ్డ అన్న మాట నీ నోట్లోంచి రాలేదు. పైనుంచి 'ఖలాస్?' అన్నావు. కిందనుంచి 'ఖలాస్' అన్నాను."

నిజమే. వెల్డరు అన్నది ఆ ఒక్క మాటే.

"దిగి ఒక తూరి చూసింటే సరిపోయేది."

"మరి దిగలేదేం?"

"రేకు కాలతాండె. దిగితే మళ్లా ఎక్కలేననిపించె. వాడు అరిచినాడా?"

"మిషను మోతలో ఏం వినపడలేదు. నాకు పొగే కనపడింది."

గది తలుపు తెరుచుకుంది. బయటికొచ్చిన మగ నర్సు వీళ్లిద్దరి వంక చూసి, "ఖలాస్" అని మాస్కు విప్పుకుంటూ వెళ్లిపోయాడు.

"ఏం ఖలాసన్నా? ఆపరేషనా, మనిషా?"

"నువ్వే అడుగప్పా."

"ఈసారైనా అడగన్నా."

వెల్డరు లేచాడు. నర్సు వరండా చివర మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉండిపోయాడు.